గాలి తాగిన పెట్రోలు

12-4-1948, సోమవారం

బస్సు నెత్తిన ఇవాళ కొత్త క్యారియరు బిగించారు. ఇనప యాంగిళ్లు, బస్సు పొడవునా, మూరన్నర ఎత్తు. ముందు వైపు అడ్డంగా ఆరు చువ్వలు, వాటి మీద తగరపు బోర్డు. బోర్డు మీద ఎర్రక్షరాలతో సర్వీసు పేరు, ఇటొక కలవ పువ్వు, అటొక కలవ పువ్వు. ఇదివరకు పైన జానెడు ఎత్తు చెక్క పట్టీ ఉండేది. దానికేం రోగం?

మామిడికాయల సీజను కదా, రెట్టింపు బుట్టలు పడతాయి అన్నాడు రాజబాబు. రాజబాబంటే మా ఓనరు. బయట గారూ గారూ అని నా నోరు అరిగిపోతోంది, ఈ పుస్తకంలో కూడా పెట్టాలా? పెట్టను. ఆయన మాత్రం నన్ను ఏవోయ్ అంటాడు. మరీ కోపమొస్తే ఏసుపాదం అంటాడు.

బర్మాలో నాలుగేళ్లు మిలిటరీ లారీ తోలాను. అక్కడ రోజూ లాగ్ బుక్ రాయకపోతే హవల్దారు తోలు తీసేవాడు. ఆ అలవాటే ఇది. ఇక్కడ రాయమన్నవాడు లేడు, చదివేవాడూ లేడు. అందుకే హాయి.

13-4-1948

ఏడుస్తోంది. ఇంజను కాదు, క్యారియరు. స్పీడు ఇరవై దాటగానే మొదలు. ముందు సన్నగా ఈల, ఇరవై అయిదుకి హోరు. తగరపు బోర్డు డబడబా కొట్టుకుంటోంది. అమలాపురం నుంచి కొత్తపేట పద్నాలుగు మైళ్లు, రానూ పోనూ రెండు ట్రిప్పులు. సాయంత్రానికి నా తల పగిలిపోయింది.

ఇంజను మాట వినకుండా బండి ఎలా తోలాలి? నేను చెవితో తోలేవాణ్ణి. ఏ వాల్వు దగ్గుతోందో, ఏ బోల్టు వదులైందో చెవే చెబుతుంది. ఇవాళ నాకు చెవుల్లేవు.

15-4-1948

అదే ఏడుపు. మా ఆవిడ దీనమ్మ రెండుసార్లు అన్నం తినమని పిలిచిందట. వినబడలేదు.

19-4-1948, సోమవారం

ఆదివారం దాకా రావలసిన పెట్రోలు శుక్రవారం సాయంత్రానికే అయిపోయింది. శనాదివారాలు బస్సు షెడ్డులో పడుకుంది. రేషను కూపన్లకి వచ్చేదే వచ్చేది, ఇంకో చుక్క ఎవరూ పొయ్యరు.

లెక్క చూశాను. క్యారియరు లేనప్పుడు గ్యాలనుకి పదకొండు మైళ్లు. గత వారం తొమ్మిది కూడా లేదు. ట్యాంకు కారడం లేదు. కార్బొరేటరు విప్పి కడిగాను. టైర్లలో గాలి సరిగ్గా ఉంది. మారింది ఒక్కటే, నెత్తి మీది కిరీటం.

24-4-1948

ఈ వారం కూడా శుక్రవారానికే సరి.

రాజబాబు షెడ్డుకి వచ్చాడు. పెట్రోలు ఎక్కడికి పోతోందోయ్ అన్నాడు. గాలికండీ అన్నాను. బర్మాలో లారీ మీద గూడారం గుడ్డ ఎత్తుగా కట్టిన రోజూ ఇంతే అయ్యేదండీ, ఎత్తు పెరిగితే గాలి ఎదురు తంతుంది, ఇంజను ఎక్కువ తాగుతుంది అని చెప్పాను. ఖాళీ క్యారియరుకి బరువెంత ఉంటుందోయ్, ఇనప చువ్వలకి దాహం వేస్తుందా ఏవిటి అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మా కండక్టరు అప్పన్న అందరికంటే గట్టిగా నవ్వాడు.

సాయంత్రం అప్పన్నే వచ్చి చెప్పాడు. బజార్లో అంతా అనుకుంటున్నారట, డబ్బాలతో పెట్రోలు ఊరి బయట మా పేటకి చేరుతోందని. ఎవరన్నారయ్యా అంటే, నేనేం అన్లేదండి బాబూ, మీకెందుకండీ కోపం, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అన్నాడు. చెంప పగలగొడదామనుకున్నాను. స్టీరింగు పట్టుకుని ఊరుకున్నాను.

దొంగ. యుద్ధంలో నా లారీ నుంచి ఒక్క చుక్క పోలేదు. కల్నల్ సంతకం పెట్టిన కాగితం పెట్టెలో ఉంది. ఇక్కడ ఆ కాగితం ఎవడు చదువుతాడు? పేటలో పుట్టినవాడు కదా, తీసే ఉంటాడు. వాళ్లకి అంతే చాలు.

27-4-1948

ముత్యాలు ఒక్కడే నమ్మాడు.

ముత్యాలు బస్సు పైన సామాను ఎక్కించి దించే మనిషి. బుట్టలతో పాటే పైన కూర్చుంటాడు. ఈ ఉద్యోగానికి ముందు పదిహేనేళ్లు కాలవ గట్టు మీద నడుస్తూ తాడేసి పడవలు లాగాడు. భుజాన ఇప్పటికీ కాయ కాసి ఉంది. టీ తాగుతూ గాలి సంగతి చెబుతుంటే మధ్యలోనే అందుకున్నాడు. అదేంటండీ డ్రైవరు గారూ, అది చెప్పాలేటండీ, గడ్డి పడవ ఎత్తుగా కట్టేరంటే ఎదురుగాలిలో ఇద్దరు లాగే పడవకి నలుగురు కావాలండి, గడ్డికి బరువెక్కడుందండి, గాలే బరువండి అన్నాడు.

గాలే బరువు. నేను వారం రోజులు తన్నుకుని చెప్పలేని మాట వాడు టీ గ్లాసు దించకుండా చెప్పేశాడు. ఇదే మాట ఓనరుతో చెప్పరాదా అన్నాను. ఆయ్, చెప్తానండి అన్నాడు. చెప్పాడు కూడా. కందకి లేని దురద కత్తిపీటకెందుకురా, పోయి బుట్టలు కట్టుకో అన్నాడట రాజబాబు.

ఇంకో గోల కూడా వచ్చిపడింది. పైనుంచి ముత్యాలు కాలితో కొట్టి నాకు సంగతి చెబుతాడు. రెండుసార్లు కొడితే పోనిమ్మని. మూడుసార్లు కొడితే వెంటనే ఆపమని. ఈ హోరులో ఏది బోర్డు చప్పుడో, ఏది ముత్యాలు కాలో తెలియడం లేదు. ఇవాళ అంబాజీపేట దగ్గర మూడు కొడితే ఒక ఫర్లాంగు దాటాక ఆపాను. ఒక బుట్ట కాలవలో పడిపోయింది.

ఎనిమిదో మైలు రాయి దాటాక మలుపులో ఒక కొబ్బరి చెట్టు రోడ్డు మీదికి అడ్డంగా వాలి ఉంటుంది. పాత పట్టీ ఉన్నప్పుడు ముత్యాలు తల వంచితే చాలేది. ఇప్పుడు మూరన్నర పైకి ఎక్కాడు కాబట్టి బుట్టల మీద బోర్లా పడుకోవాలి. నేను హారన్ కొట్టి, స్లో చేస్తాను. ఆ చెట్టు కొట్టించమని ఆసామిని అడిగితే, కాసే చెట్టుని కొడతారేటండీ, కొడుకుని నరికినట్టు కాదాండీ అన్నాడు. ఈ సీమలో ఎవడూ కొట్టడు. మనుషులే వంగుతారు.

1-5-1948, శనివారం

రాజబాబుకి అర్జీ రాసి ఇచ్చాను. దీనమ్మ చేత రాయించాను. మిషను బళ్లో పంతులమ్మ కదా, అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. క్యారియరు వల్ల పెట్రోలు ఎక్కువ అవుతోందని, గాలి చప్పుడుకి పైనున్న మనిషి సిగ్నలు నాకు వినిపించడం లేదని, ప్రమాదమని. ఆయన చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. చెవిటివాడి ముందు శంఖం.

2-5-1948, ఆదివారం

ప్రార్థన అయి గుడి నుంచి వచ్చేసరికి ముత్యాలు షెడ్డులో క్యారియరు మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో కొబ్బరి పీచు తాడు. ముందున్న ఆరు చువ్వలకీ మెలికలు మెలికలుగా చుట్టేశాడు. పడవ మీద గాలికి ఊళ పెట్టే వెదురు గెడకి ఇలాగే చుట్టేవాళ్లమండి అన్నాడు. తగరపు బోర్డు వెనక గోనెపట్టా కుక్కాడు.

తోలి చూశాం. ఇరవై, ఇరవై అయిదు, ముప్ఫై. ఊళ లేదు! నాకు ఇంజను వినిపించింది. రెండో వాల్వు కాస్త దగ్గుతోంది, పాపం. ముత్యాలు పైనుంచి మూడు కొట్టాడు, టక్కున ఆపాను. మళ్లీ కొట్టాడు, మళ్లీ ఆపాను. పిల్లల్లా ఆడుకున్నాం ఇద్దరం.

వాళ్లావిడ లోవమ్మ కూడా వచ్చింది. సెలవు రోజున ఈ మనిషికి బస్సే పెళ్లామండి అని నవ్వింది. ఇంటికి తీసుకెళ్లి దీనమ్మ చేత ఇద్దరికీ అన్నం పెట్టించాను. నీ పెనిమిటి బుర్ర మా కల్నల్‌కి లేదమ్మా అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు గానీ సంతోషించింది.

7-5-1948

నా ఖర్మ చూడు. చప్పుడు తగ్గింది, పెట్రోలు తగ్గలేదు. తొమ్మిది మైళ్లే.

చప్పుడు వేరు, గాలి వేరు. పీచు తాడు ఊళని చంపింది, ఎదురుగాలిని ఎలా ఆపుతుంది? క్యారియరు ఎత్తు అంతే ఉంది కదా. ఇది నాకు తెలుసు, ముత్యాలుకి తెలుసు.

8-5-1948, శనివారం

రాజబాబు అందర్నీ పోగుచేశాడు. గాలి గాలి అన్నావు, గాలి చప్పుడు పోయింది కదా, మరి పెట్రోలు ఎందుకు పోతోందోయ్ అన్నాడు. చూశారా, గాలి కాదు, మనిషే అని అప్పన్న వైపు తిరిగి అన్నాడు. మా ముత్యాలు చేసిన మంచి పని నా మెడకే చుట్టుకుంది.

రెండు దార్లు చూపించాడు. మీ గుళ్లో అందరి ముందూ బైబిలు మీద చెయ్యేసి తియ్యలేదని ప్రమాణం చెయ్యి. లేకపోతే తాళాలు ఇచ్చెయ్, లైసెన్సు ఆఫీసుకి దొంగ డ్రైవరని రాస్తాను. రాస్తే ఈ జిల్లాలో ఏ బస్సూ నా చేతికి రాదు.

దీనమ్మ ప్రమాణం చేసేయమంది. తియ్యలేదు కదండీ, నిజం చెప్పడానికి భయమేంటండీ అంది. దానికి ఎలా చెప్పాలి? ప్రమాణం చేస్తే, బైబిలు మీద కూడా అబద్ధమాడాడు అంటారు. నాకు వాళ్ల నమ్మకం అక్కర్లేదు. లెక్క కావాలి. మైలురాళ్లు చెప్పాలి. రాయి ఎవడి పేటా చూడదు.

మళ్లీ షెడ్డుకి వెళ్లి, పరీక్ష పెట్టండి అని రాజబాబుతో అన్నాను. ట్యాంకు ఖాళీ చేసి సరిగ్గా ఒక గ్యాలను పొయ్యండి. ఒకసారి క్యారియరు తీసేసి, ఒకసారి పెట్టి. మీరే పక్కన కూర్చుని రాళ్లు లెక్కపెట్టండి. తేడా రెండు మైళ్లుంటే దొంగ క్యారియరు. లేకపోతే నేనే తాళాలు మీ కాళ్ల దగ్గర పెట్టి పోతాను.

సరే అన్నాడు.

12-5-1948

షరతులు. రెండుసార్లూ ఒకే బరువు, ముప్ఫై బుట్టలు మామిడికాయలు. ఒకే రోడ్డు, ఒకే వేళ. బయల్దేరాక పెట్రోలు అయిపోయి బండి దానంతట అది ఆగేదాకా నేను ఆపకూడదు, స్లో చెయ్యకూడదు. ఆపి మళ్లీ తోలితే పెట్రోలు ఊరికే ఖర్చవుతుంది, కావాలని చేశావంటాను అన్నాడు. ఒక్కసారి ఆగినా పరీక్ష చెల్లదు, ఇంకో గ్యాలను ఇచ్చేది లేదు, ఆ రోజే తాళాలు.

ఒప్పుకున్నాను. తోవలో కోళ్లనీ గేదెలనీ దేవుడే చూసుకోవాలి.

15-5-1948, శనివారం

క్యారియరు విప్పేశాం. బుట్టలన్నీ లోపల సీట్ల మీద. ముత్యాలు కూడా లోపలే, బుట్టల మధ్య. ఇన్నాళ్లకి బస్సు ఎక్కేనండి అన్నాడు. ముందు సీట్లో రాజబాబు, ఒళ్లో కాగితం.

పదకొండు మైళ్ల రెండు ఫర్లాంగులు. పలివెల దాటాక ఆగింది.

రాజబాబు దిగి రాయి దగ్గరికి వెళ్లి చేత్తో తడిమి చూశాడు. రాయి కూడా నేనే దొంగిలించి తెచ్చి పాతానేమో మరి.

17-5-1948, సోమవారం, తెల్లవారుజామున 5

క్యారియరు మళ్లీ బిగించాం. పీచు తాడు విప్పేస్తున్నాను. మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉండాలి. తాడు చుట్టి గాలిని మోసం చేశావని రేపు ఇంకో మాట అననివ్వను. ఎంత ఏడవాలో అంతా ఏడవనీ, ఎంత తాగాలో అంతా తాగనీ.

ముత్యాలు వద్దన్నాడు. ఉంచండి డ్రైవరు గారూ, చువ్వలకి చుట్టిన తాడు ఏపాటి అడ్డం అన్నాడు. గోనెపట్టా కూడా పీకెయ్ అన్నాను. పీకేశాడు.

17-5-1948

ముత్యాలు పోయాడు.

18-5-1948

రాయాలి.

నిన్న ఆరున్నరకి బయల్దేరాం. బుట్టలు పైన, ముత్యాలు వాటి మీద. రాజబాబు నా పక్కన. సముద్రం వైపు నుంచి గాలి బలంగా ఉంది. మొదటి మైలు నుంచే హోరు. బోర్డు డబడబ. పక్కన రాజబాబు ఏదో అంటే పెదాలు కదలడమే కనబడింది. నాకు లోలోపల సంతోషం. కొట్టుకో, ఇంకా కొట్టుకో అనుకున్నాను.

ఎనిమిదో మైలు దాటాం. ఎనిమిదిన్నర దాటాం. ఇంజను గుటకలు వేసింది. ఎనిమిది మైళ్ల ఆరు ఫర్లాంగుల దగ్గర ఆగింది. రెండున్నర మైళ్ల తేడా! కిందికి దూకాను. దొంగ దొరికాడండీ బాబుగారూ, దొంగ దొరికాడు అని అరిచాను. ఒరే ముత్యాలూ, చూశావట్రా, గాలే బరువురా అని పైకి చూశాను.

పైన ఎవరూ లేరు. కట్టిన తాడు తెగి బస్సు పక్కన వేలాడుతోంది. సగం బుట్టలు లేవు. వెనక రోడ్డు మీద జనం పరిగెత్తుకుంటూ వస్తున్నారు.

వాలిన కొబ్బరి చెట్టు తగిలింది. నిలబడి ఉండగా తగిలింది. మేం వెళ్లేసరికి చెట్టు ఆసామి తన కండువా ముత్యాలు మొహం మీద కప్పేశాడు. కండువా ఎత్తబోతే పట్టుకుని ఆపారు నన్ను.

మామిడికాయలు రోడ్డంతా దొర్లుతున్నాయి. వాటిని ఏరుతున్నవాళ్లని తన్నడానికి వెళ్లాను. ఎందుకో తెలియదు.

19-5-1948

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. షెడ్డులో కుర్చీ వేశారు. చూసినవాళ్లు చెప్పారు, మామిడి బుట్టలు కట్టిన తాడు తెగితే ముత్యాలు లేచి నిలబడి రెండు చేతులతో లాగి పట్టుకున్నాడని, కాలితో టాపు మీద కొడుతున్నాడని.

ఇన్‌స్పెక్టరు నన్ను అడిగాడు, కొట్టడం వినబడలేదా అని.

నేను నోరు తెరవకముందే రాజబాబు అందుకున్నాడు. ఎలా వినబడుద్దండీ, ఆ గాలి హోరులో ఇంజను చప్పుడే వినబడదండీ, నేను పక్కనే ఉన్నాను కదండీ, మా ఏసుపాదం గారు పదిహేను రోజుల కిందటే అర్జీ పెట్టుకున్నారండీ అన్నాడు. జేబులోంచి దీనమ్మ రాసిన కాగితం తీసి ఇచ్చాడు. ఇన్‌స్పెక్టరు చదివి తల ఊపాడు. నీ మాట కూడా అంతేనా అన్నాడు. అంతేనండి అన్నాను.

ఏసుపాదం గారు. రెండేళ్లలో మొదటిసారి నా పేరు వెనక గారు పెట్టాడు.

23-5-1948, ఆదివారం

క్యారియరు కోయించేశాడు. మళ్లీ జానెడు పట్టీయే. బోర్డు పీకేసి షెడ్డు గోడకి చేరేశారు.

ఇప్పుడు బజారంతా రాజబాబే ప్రచారం. గాలి పెట్రోలు తాగుద్దండీ, మీకెవరికీ తెలీదు, గ్యాలనుకి రెండున్నర మైళ్లు తాగుద్దండీ అని. కొత్తపేటలో ఇంకో ఓనరు తన బస్సు క్యారియరు తీయించి నన్ను చూడటానికి వచ్చాడు. గుళ్లో పాస్టరు గారు చెయ్యి కలిపారు. అప్పన్న దణ్ణం పెట్టి, నోరు జారేనండి, తప్పయిపోయిందండి అన్నాడు. నేను దొంగని కాదు. ఊరంతా ఒప్పుకుంది.

దీనమ్మ మాట్లాడటం లేదు. అన్నం పెడుతోంది, నీళ్లు పెడుతోంది, అంతే.

26-5-1948

లోవమ్మ వచ్చింది. అరుగు మీద కూర్చోమన్నా కూర్చోలేదు. ఒక్కటే అడిగింది. ఆయన కాలితో కొట్టేరంట కదండీ, మీకేం వినబడలేదాండీ?

గాలి గోలమ్మా, ఏమీ వినబడలేదు అన్నాను.

ఆయ్, ఆ చప్పుడులో ఎవరికి మాత్రం వినబడుద్దండీ, మీ తప్పేం లేదండీ, మీరంటే పేణం ఆయనకి, ఊరికే కుమిలిపోకండీ అంది. నన్ను ఓదార్చింది! భర్త పోయి పది రోజులు కాలేదు, నన్ను ఓదార్చి వెళ్లిపోయింది.

లోపలికి వచ్చి చూస్తే దీనమ్మ తలుపు వెనక నిలబడి ఉంది. నా కళ్లలోకి చూసి వంటింట్లోకి వెళ్లిపోయింది. పద్నాలుగేళ్ల కాపురం, దానికి చెప్పక్కర్లేదు.

30-5-1948, ఆదివారం

గుడికి వెళ్లలేదు.

లాగ్ బుక్‌లో అబద్ధం రాయకూడదు. పద్దెనిమిదో తారీకున రాసినదాంట్లో అబద్ధం లేదు, కానీ ఒక ముక్క వదిలేశాను. ఆ ముక్క ఇది.

విన్నాను.

ఎనిమిదో రాయి దాటిన వెంటనే మూడు దెబ్బలు. బోర్డు చప్పుడు డబడబ అని తెంపు లేకుండా ఉంటుంది. ఇవి వేరు. ఆగి ఆగి, ఒకటి, రెండు, మూడు. నా తల మీదే కొట్టినట్టు. అంబాజీపేట దగ్గర ఒకసారి మోసపోయాను గానీ, పదిహేనేళ్లు ఇంజన్లు విన్న చెవులివి, రెండోసారి గాలికి మోసపోతాయా? బ్రేకు మీదికి కాలు వెళ్లింది కూడా.

ఇంకో అర మైలు అనుకున్నాను. అర మైలులో పెట్రోలు అయిపోతుంది, దానంతట అదే ఆగుతుంది. ఇప్పుడు ఆపితే పరీక్ష పోతుంది, రేపటి నుంచి నేను దొంగని. మహా అయితే ఏముంటుంది, ఇంకో రెండు బుట్టలు కాలవలో పడతాయి అనుకున్నాను. కాలు వెనక్కి తీశాను.

చెట్టు గుర్తు లేదా అంటే, ఉంది. హారన్ కొట్టాను. స్లో చెయ్యలేదు. పడుకుంటాడులే అనుకున్నాను, రోజూ పడుకుంటాడు కదా.

రాజబాబు కూడా విన్నాడు. టాపు వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. ఆపమని అనలేదు. నేను ఆపితే ఆయన గెలుస్తాడు కదా, ఆపుతానా లేదా అని చూశాడు. నేను రోడ్డు చూస్తున్నట్టు నటించాను. అందుకే ఇన్‌స్పెక్టరు ముందు నాకంటే ముందు ఆయన నోరు లేచింది. అందుకే గారు.

ప్రమాణం చెయ్యమన్నప్పుడు చేసి ఉంటే నిజమే చెప్పి ఉండేవాణ్ణి. ఎవడు నమ్మినా మానినా ముత్యాలు బతికి ఉండేవాడు. నా పరువు కోసం, ముత్యాలూ, నిన్ను చంపుకున్నాను. ఇంకెలా రాయాలో తెలియదు.

3-6-1948

గ్యాలనుకి పదకొండు మైళ్లు. బస్సు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే వెనక సీట్లో పసిపిల్ల దగ్గు కూడా వినిపిస్తోంది. ఇవాళ ఎనిమిదో రాయి దగ్గర ఊరికే ఆపేశాను. ఎవరూ దిగలేదు, ఎవరూ ఎక్కలేదు. అప్పన్న ఏమైందండీ అని అడిగి, నా మొహం చూసి రైట్ రైట్ అన్నాడు.

8-6-1948

దీనమ్మతో చెప్పాను. తెలుసండీ అంది. రేపు పోలీసు స్టేషనుకి వెళ్తానన్నాను. తెల్ల చొక్కా ఉతికి ఆరేసింది.

9-6-1948

స్టేషను కంటే ముందు లోవమ్మ దగ్గరికి వెళ్లాను. మూడు దెబ్బలూ విన్నానమ్మా, ఆపలేదు అన్నాను.

చేతిలోని చేట కింద పెట్టింది. తర్వాత అడిగింది. మీకు వినబడిందని ఆయనకి తెలుసాండీ?

నేను ఆపుతాననే అనుకుని ఉంటాడమ్మా అన్నాను.

అందుకేనండీ ఆయన వంగలేదు, అంది.

ఆయ్, అన్నాను.